పన్ను తీసిన రోజే ఇంప్లాంట్: చిగురు లెక్క వేరు

పై వరసలో ముందు పన్ను విరిగినవాళ్లు ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఎన్నాళ్లు పన్ను లేకుండా తిరగాలి? తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా పళ్ల ఆసుపత్రుల బోర్డులు దీనికి జవాబు ముందే రాసిపెట్టుకున్నాయి. ఒక్క రోజు కూడా అక్కర్లేదు, పొద్దున పన్ను తీసి సాయంత్రానికి పన్ను పెట్టి పంపిస్తాం అని. ఆ మాటలో అబద్ధం లేదు. తగిన నోరు, తగిన చెయ్యి కుదిరితే పన్ను పీకిన గుంతలోనే టైటానియం స్క్రూ బిగించి, దాని మీద తాత్కాలిక పన్ను పెట్టి అదే రోజు ఇంటికి పంపవచ్చు. ఇలా పెట్టిన ఇంప్లాంట్లు పదిలో తొమ్మిదికి మించి ఎముకకు అతుక్కుంటాయి కూడా.

చిక్కు అతుక్కోవడంలో లేదు. ఏడాది తర్వాత అద్దంలో కనిపించేది స్క్రూ కాదు, దాని చుట్టూ ఉన్న చిగురు. పక్క పన్ను కంటే ఒక మిల్లీమీటరు పైకి జరిగిపోయిన చిగురు అంచు, లోపలి లోహం బూడిద రంగులో తొంగిచూసే పలుచని చర్మం, రెండు పళ్ల మధ్య నల్లగా కనిపించే సందు: ఇవన్నీ ‘విజయవంతమైన’ ఇంప్లాంట్ల మీదే కనిపిస్తాయి. ఎక్స్‌రేలో అంతా బాగుంటుంది, పెళ్లి ఫొటోలో బాగుండదు. అందువల్ల వెంటనే పెట్టే ఇంప్లాంట్‌లో అసలు పని చిగురును నిలబెట్టుకోవడం. వేగం దాని పక్కన చిన్న లాభం.

పన్ను తీయడానికీ ఇంప్లాంట్ పెట్టడానికీ మధ్య ఎంత కాలం ఆగాలన్నదాన్ని దంతవైద్యులు నాలుగు రకాలుగా లెక్కపెడతారు. అదే రోజు పెట్టేది మొదటిది. చిగురు మూసుకున్నాక, 4 నుంచి 8 వారాల మధ్య పెట్టేది రెండోది. గుంతలో కొంత ఎముక నిండాక, 12 నుంచి 16 వారాలకు పెట్టేది మూడోది. 6 నెలలు దాటాక, ఎముక పూర్తిగా మానాక పెట్టేది నాలుగోది. ఈ వ్యాసం మొదటిదాని గురించే అయినా, రెండోదాన్ని పక్కన పెట్టుకుని చూడకపోతే మొదటిది అర్థం కాదు.

గుంత ఎందుకు కుంగుతుంది

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని పీచుపొర ఉంటుంది, దాన్ని పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. ఆ పీచుల కొసలు నాటుకున్న ఎముక పొరకు బండిల్ బోన్ అని పేరు. ఈ పొర పన్ను కోసం పుట్టింది, పన్నుతోనే పోతుంది. పన్ను తీసేస్తే దానికిక పని లేదు కనుక శరీరం దాన్ని కరిగించేస్తుంది.

లోపలి వైపు, అంటే అంగిలి వైపు, ఎముక దళసరి. అక్కడ బండిల్ బోన్ పోయినా వెనక వేరే ఎముక ఉంటుంది కాబట్టి పెద్దగా తేడా తెలియదు. పెదవి వైపు సంగతి వేరు. పై ముందు పళ్ల దగ్గర ఆ గోడ చాలామందిలో 1 మిల్లీమీటరు కూడా ఉండదు, సగటున అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. అంటే ఆ గోడ పై భాగంలో ఉన్నదంతా దాదాపు బండిల్ బోనే. దానికి రక్తం మూడు దారుల్లో వస్తుంది: పీచుపొర నుంచి, ఎముక లోపలి మూలుగ నుంచి, పైన కప్పిన పెరియోస్టియం పొర నుంచి. పన్ను పీకగానే మొదటి దారి మూసుకుపోతుంది. అంత పలుచని గోడలో మూలుగ ఉండదు కాబట్టి రెండోది మొదటినుంచీ లేదు. మిగిలింది మూడోది. చిగురు కోసి పైకి లేపితే ఆ దారి కూడా కొన్నాళ్లు తెగిపోతుంది. చిగురు కోయకుండా ఇంప్లాంట్ పెట్టాలని దంతవైద్యులు పట్టుబట్టేది ఇందుకే.

2003లో డెన్మార్క్ పరిశోధకుడు ష్రాప్, ఆయన సహచరులు ప్రచురించిన కొలతల ప్రకారం పన్ను తీసిన చోట దవడ వెడల్పు 12 నెలల్లో దాదాపు సగానికి తగ్గింది. ఆ తగ్గుదలలో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే జరిగిపోయింది. వాళ్లు కొలిచినవి పక్క పళ్లు, దవడ పళ్లు. గోడ ఇంకా పలుచనైన ముందు పళ్ల దగ్గర జాగ్రత్త మరింత అవసరం.

గుంతలో వెంటనే ఇంప్లాంట్ పెడితే ఈ కుంగుడు ఆగుతుందని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. పన్ను స్థానంలో మరో వేరు దిగింది కాబట్టి ఎముకకు మళ్లీ పని దొరికిందన్నది ఆ నమ్మకం వెనక తర్కం. 2005లో అరౌజో, లిండే బృందం కుక్కల దవడల మీద చేసిన పరిశోధన దాన్ని కొట్టేసింది: ఇంప్లాంట్ ఉన్నా పెదవి వైపు గోడ కుంగింది. గుంత దారి గుంతది. వెంటనే పెట్టే పద్ధతిలో ఇవాళ కనిపించే ప్రతి మెలకువా, అంటే ఖాళీ వదలడం, ఎముక పొడి నింపడం, అంగిలి నుంచి కండ తెచ్చి కుట్టడం, తాత్కాలిక పన్నును చెక్కడం, ఈ కుంగుడును ముందే లెక్కలోకి తీసుకుని చేసే సర్దుబాటే. ఈ విషయం తెలియకుండా ‘వెంటనే పెడితే ఎముక పోదు’ అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రోగి అక్కడే ఒక ప్రశ్న అడగడం మంచిది.

చిగురు దేన్ని పట్టుకుంటుంది

సహజమైన పంటి మెడ దగ్గర చిగురు పీచులు పంటి పైపొరలోకే నాటుకుని ఉంటాయి, గుంజకు అడ్డంగా బిగించిన తాళ్లలా. ఇంప్లాంట్‌కు అలా నాటుకునే పొర లేదు. అక్కడ పీచులు లోహానికి సమాంతరంగా సాగుతాయి, కొన్ని చుట్టూ వలయంగా తిరుగుతాయి. ఆవకాయ జాడీ మూతికి వాసెన కట్టినట్టన్నమాట: బిగుతుగా ఉన్నంతకాలం దుమ్ము పోదు, కానీ గుడ్డ జాడీకి అతికి లేదు. పైన ఉండే సన్నని కణాల పొర మాత్రం లోహానికి నిజంగానే అంటుకుంటుంది. ఈ పట్టు మొత్తం ఎత్తు, చిగురు అంచు నుంచి ఎముక దాకా, 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. అంత చోటు చిగురుకు దొరక్కపోతే అది ఎముకను కరిగించి మరీ చోటు చేసుకుంటుంది.

రక్తం విషయంలోనూ ఇంప్లాంట్ చుట్టూ ఉన్న చిగురు పేదదే. పీచుపొర నుంచి వచ్చే నాళాలు దానికి లేవు. కాబట్టి పొగ తాగేవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో పంటి దగ్గర ఏదోలా సర్దుకుపోయే చిగురు ఇంప్లాంట్ దగ్గర సర్దుకోదు.

మానే క్రమం ఇలా నడుస్తుంది. మొదటి గంటల్లో గడ్డకట్టిన రక్తమే ఇంప్లాంట్‌కూ చిగురుకూ మధ్య ముద్ర. తర్వాతి కొద్ది రోజుల్లో తెల్లకణాలు ఆ గడ్డను శుభ్రం చేస్తూ పోతాయి. ఒకటి, రెండు వారాలకు కొత్త చిగురు కణాలు లోహం వెంట కిందికి దిగడం మొదలుపెడతాయి. 4 నుంచి 6 వారాలకు పీచులు ఒక వరసకు వస్తాయి. 6 నుంచి 8 వారాలకు పైపొర ముద్ర పూర్తిగా ఏర్పడుతుంది. అప్పటిదాకా ఆ చోటును కదిలించిన ప్రతిసారీ మానడం కొంత వెనక్కి వెళుతుంది. చిగురు లోపల ఇంప్లాంట్‌నూ పై పన్నునూ కలిపే భాగాన్ని, అంటే అబట్‌మెంట్‌ను, మాటిమాటికీ విప్పి బిగిస్తే ఆ పట్టు తెగి, మళ్లీ కిందికి జరిగి, ఎముకను కూడా కిందికి నెడుతుందని 1990ల నుంచే తెలుసు. కొలతలు తీసుకోవడానికి, రంగు చూడడానికి, ‘ఒకసారి చూద్దాం’ అని అయిదారుసార్లు విప్పడం చిన్న విషయంగా కనిపిస్తుంది. చిన్న విషయం కాదు.

ఎముక వైపు ఇదే కాలంలో ఇంకో గండం ఉంది. పెట్టిన రోజు ఇంప్లాంట్ గట్టిగా ఉండేది స్క్రూ మరలు పాత ఎముకను కరిచి పట్టుకోవడం వల్ల. తర్వాత ఆ పాత ఎముక నలిగిన చోట కొంత కరుగుతుంది, కొత్త ఎముక ఇంకా గట్టిపడదు. ఈ రెండింటి మధ్య, రెండో వారం నుంచి నాలుగో వారం దాకా, ఇంప్లాంట్ పట్టు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. నొప్పి తగ్గి, వాపు పోయి, రోగి ‘ఇక ఏమీ లేదు’ అనుకునే రోజులూ అవే. పుత్తూరు కట్టు తెలిసిన జిల్లాకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. విరిగిన ఎముక అతకాలంటే కదలకూడదు, అందుకే వెదురు బద్దలు. ఇంప్లాంట్‌కు బద్దలు కట్టలేం కాబట్టి తాత్కాలిక పన్ను కింది పళ్లకు తగలకుండా చూడడమే కట్టు. 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఏడో వంతు, దాటి కదలిక ఉంటే ఇంప్లాంట్ చుట్టూ ఎముక బదులు మెత్తని పీచు గూడు కడుతుంది. అలా గూడు కట్టిన ఇంప్లాంట్ మళ్లీ అతకదు, తీయాల్సిందే.

ఎవరికి తగుతుంది, ఎవరికి తగదు

నిర్ణయం నాలుగు చోట్ల జరుగుతుంది: స్కాన్‌లో, పెదవి వైపు గోడలో, చిగురు మందంలో, నవ్వులో.

స్కాన్ అంటే సీబీసీటీ, దవడను అన్ని వైపుల నుంచీ చూపే సీటీ స్కాన్. మామూలు ఎక్స్‌రే చాలదు. పక్క నుంచి చూసినప్పుడు వేరు ఏ గోడకు ఆనుకుని ఉందో అందులో తెలుస్తుంది. పై ముందు పళ్లలో 80 శాతానికి పైగా వేళ్లు పెదవి వైపు గోడకు ఆనుకుని ఉంటాయి. ఇది నిజానికి మంచి వార్తే, ఎందుకంటే వేరు వెనక, అంగిలి వైపు, ఇంప్లాంట్‌కు కావలసినంత ఎముక మిగులుతుంది. వేరు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిండిపోయి, రెండు వైపులా ఎముక లేని చోట మాత్రం వెంటనే పెట్టకూడదు. వేరు కొస దాటాక ఇంకో 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఎముక ఉండాలి, మరలు పట్టుకోవడానికి.

పెదవి వైపు గోడ చెక్కుచెదరకుండా ఉందా అన్నది రెండో ప్రశ్న. గోడ పైభాగం ఇప్పటికే పోయి చిగురు ఒక్కటే నిలబడి ఉంటే, పైకి అంతా మామూలుగా కనిపిస్తుంది. ఇది మోసపోయే చోటు. ప్రోబ్ అనే సన్నని లోహపు పుల్లతో లోపల తడిమితే తప్ప తెలియదు. చాలాకాలంగా చీము కారుతున్న పన్ను, నిలువునా పగిలిన వేరు ఉన్న పన్ను ఈ కోవలోకే వస్తాయి. చీము ఉన్నంత మాత్రాన పద్ధతి మానాల్సిన పని లేదు, గుంతను పూర్తిగా గీకి శుభ్రం చేయగలిగితే చాలు. గోడ లేకపోవడమే అసలు అడ్డంకి.

మూడోది చిగురు మందం. చిగురు అంచు లోపలికి ప్రోబ్ పెట్టినప్పుడు దాని నీడ చర్మం మీంచి కనిపిస్తే చిగురు పలుచన, కనిపించకపోతే దళసరి. నిమిషంలో అయ్యే ఈ పరీక్ష ఎన్ని చోట్ల చేస్తున్నారో తెలియదు గానీ, చేయకుండా ముందు పన్నుకు వెంటనే ఇంప్లాంట్ పెట్టడం గుడ్డిపనే. పలుచని చిగురు వెనక్కి జరగడానికి సిద్ధంగా ఉంటుంది.

వీటికి నవ్వును కలపాలి. నవ్వితే చిగురు కూడా కనిపించే మనిషికి అర మిల్లీమీటరు తేడా కూడా తెలుస్తుంది. పై పెదవి కిందికి ఉండి చిగురు కనిపించని మనిషికి ఒక మిల్లీమీటరు కూడా తెలియదు. ఒకే స్కాన్, ఒకే గోడ ఉన్న ఇద్దరికి రెండు వేరు సలహాలు ఇవ్వాల్సి రావచ్చు.

గోడ పోయినప్పుడు, చిగురు పలుచనగా ఉండి నవ్వులో కనిపించేటప్పుడు, 6 నుంచి 8 వారాలు ఆగడం మేలు. ఆ వ్యవధిలో గుంత మీద కొత్త చిగురు మూసుకుంటుంది, కుట్టడానికి నాలుగైదు మిల్లీమీటర్ల గట్టి కండ అదనంగా దొరుకుతుంది. ఆ ఆరు, ఎనిమిది వారాలకూ తీసి పెట్టుకునే పన్ను సరిపోతుంది. దాన్ని వైఫల్యంగా చూసే అలవాటు బోర్డుల వల్ల వచ్చింది.

ఒంటి సంగతి కూడా ఉంది. షుగర్ ఉన్నవాళ్లలో మూడు నెలల సగటు, హెచ్‌బీఏ1సీ, 7 దగ్గర ఉంటే పని సాఫీగా సాగుతుంది. 8 దాటితే ముందు దాన్ని దించుకోవాలి. ఎముకల బలానికి బిస్ఫాస్ఫొనేట్ మందులు, ముఖ్యంగా ఇంజెక్షన్లు, వాడుతున్నవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంటుంది. రక్తం పలుచబడే మాత్రలు గుండె డాక్టర్‌ను అడగకుండా ఎవరూ సొంతంగా ఆపకూడదు. రాత్రుళ్లు పళ్లు కొరికేవాళ్లకు ఇంప్లాంట్ వెంటనే పెట్టినా, తాత్కాలిక పన్ను వెంటనే పెట్టకపోవడం మంచిది.

కుర్చీలో జరిగే పని

పన్ను తీయడమే సగం శస్త్రచికిత్స. పట్టకారుతో పెదవి వైపుకు వంచి లాగితే అర మిల్లీమీటరు గోడ పుటుక్కున విరుగుతుంది. పెరియోటోమ్ అనే సన్నని రేకును వేరు చుట్టూ దించి పీచులు కోయాలి, తిప్పుతూ నిలువుగా పైకి తీయాలి. రాకపోతే వేరును రెండుగా చీల్చి ముక్కలుగా తీయాలి. దీనికి 30 నిమిషాలు పట్టినా తప్పు లేదు. తర్వాత గుంతను స్పూన్ క్యూరెట్‌తో గీకి, సెలైన్‌తో కడిగి, నాలుగు గోడలనూ ప్రోబ్‌తో తడిమి చూస్తారు. ఇక్కడ గోడ పోయిందని తేలితే ముందు వేసుకున్న ప్రణాళిక మార్చుకోవాలి. మార్చుకునే వీలు రోగికి ముందే చెప్పి ఉండాలి కూడా.

డ్రిల్లు గుంత అడుగున కాకుండా అంగిలి వైపు గోడ మీద, కొసకు కాస్త ముందు మొదలవుతుంది. గుంత దారినే పోతే ఇంప్లాంట్ పెదవి వైపుకు వాలుతుంది, అక్కడి నుంచి చిగురు వెనక్కి జరగడం ఖాయం. అంగిలి గోడ గట్టిది, గుంత ఖాళీ. డ్రిల్లు ఎప్పుడూ ఖాళీ వైపుకే జారాలని చూస్తుంది. దాన్ని చెయ్యి ఆపుకోవాలి, లేదా గైడ్ పెట్టుకోవాలి. చల్లని సెలైన్ ధారగా పడుతూ ఉండాలి: ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉన్నా చచ్చిపోతుంది.

లోతు, భావి చిగురు అంచుకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు లోపల. పక్క పంటి వేరుకు కనీసం 1.5 మిల్లీమీటర్ల దూరం. పక్కపక్కనే రెండు ఇంప్లాంట్లు పెడితే వాటి మధ్య 3. పెదవి వైపు గోడకూ ఇంప్లాంట్‌కూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఖాళీ. గుంతను నింపేంత లావు ఇంప్లాంట్ పెడితే గట్టిగా ఉంటుందని తొలిరోజుల్లో అనుకున్నారు. లావుది పెట్టినకొద్దీ పెదవి వైపు చోటు తగ్గి చిగురు జరగడం ఎక్కువైంది. ఇప్పుడు ముందు పళ్లకు 3.3 నుంచి 4.3 మిల్లీమీటర్ల మధ్య వ్యాసమే ఎంచుకుంటారు. ఖాళీ వదలడం ఇక్కడ లోపం కాదు, పెట్టుబడి.

ఆ ఖాళీలో ఎముక పొడి నింపుతారు. తిరుపతి వంటి ఊరిలో దీని గురించి విడిగా చెప్పుకోవాలి. ఈ పనికి ప్రపంచమంతా ఎక్కువగా వాడే పొడి ఆవు, ఎద్దు ఎముక నుంచి సేంద్రియ పదార్థమంతా తీసేసి తయారుచేసింది. నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి గోడ కుంగినా ఆకారం నిలుపుతుంది, అందుకే దానికంత ఆదరణ. దాని మీద కప్పే కొల్లాజెన్ పొరలు చాలావరకు పంది నుంచో పశువు నుంచో వస్తాయి. రోగికి ఈ మాట చెప్పకుండా నింపేయడం వైద్యంగా ఎంత సరైనదైనా మనిషిగా సరైనది కాదు. కొండ మీద కైంకర్యం చేసే ఇంటివాళ్లకు, మాంసం ముట్టనివాళ్లకు, పంది పనికిరాదనే మతం వాళ్లకు ఇది పెద్ద విషయం. ప్రత్యామ్నాయాలున్నాయి: కాల్షియం ఫాస్ఫేట్‌తో తయారుచేసిన కృత్రిమ పొడి, మానవ దాతల ఎముక పొడి, పక్కన డ్రిల్లు చేసినప్పుడు దొరికే సొంత ఎముక తురుము. సొంతది తొందరగా కొత్త ఎముక పుట్టిస్తుంది గానీ తొందరగా కరుగుతుంది. రోగి రక్తాన్నే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసే పీఆర్‌ఎఫ్ అనే ఫైబ్రిన్ ముద్ద చిగురు మానడానికి సాయపడుతుంది, కానీ ఒక్కటే పెడితే ఎముక పొడి చేసే పని అది చేయలేదు. సమ్మతి పత్రంలో పొడి దేనితో తయారైందో తెలుగులో ఒక వాక్యం ఉంటే సరిపోతుంది.

బిగింపు బలం 35 న్యూటన్ సెంటీమీటర్లు చేరితేనే అదే రోజు తాత్కాలిక పన్ను ఆలోచన. చేరకపోతే చిగురు మానేదాకా ఇంప్లాంట్ మీద మూతలా ఉండే హీలింగ్ క్యాప్ పెట్టి ఊరుకోవాలి. పట్టును ప్రకంపనలతో కొలిచే పరికరం ఉన్న చోట 100కు 70 దాటితే మంచి పట్టు అనుకుంటారు. మరీ గట్టిగా బిగిస్తే ఎముక నలిగి చస్తుంది. గట్టిదనం కూడా మితం తప్పకూడదు.

పలుచని చిగురు ఉన్నవాళ్లకు అంగిలి నుంచి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం కండ తీసి పెదవి వైపు చిగురు లోపల సంచిలా చేసి దూర్చి సన్నని దారంతో కుడతారు. ఇది ఎముకను కాపాడదు. ఎముక కుంగినా పైకి కనిపించకుండా చిగురును దళసరి చేస్తుంది, లోహం రంగు బయటికి రాకుండా అడ్డుకుంటుంది. అంగిలి పుండే రోగికి ఎక్కువ బాధ పెడుతుందని చాలామంది తర్వాత చెబుతారు, కాబట్టి ముందే చెప్పడం మంచిది.

ఇక తాత్కాలిక పన్ను. దాని అందం కన్నా చిగురు లోపల దాగే మెడ ఆకారం ముఖ్యం. చిగురు అంచుకు ఆనే ఒక మిల్లీమీటరు భాగం పీకిన పన్ను ఆకారంలోనే ఉండాలి, అది అంచును నిలబెడుతుంది. దాని కింద, ఇంప్లాంట్ దాకా, పెదవి వైపు లోపలికి వంపు తిరిగి ఉండాలి. ఆ వంపులో రక్తం గడ్డకట్టి చిగురుగా మారుతుంది. అక్కడ ఉబ్బెత్తుగా చేస్తే చిగురు నొక్కుకుపోయి పైకి జరుగుతుంది. చిగురు జరిగాక కారణం వెతికితే చాలాసార్లు దొరికేది ఈ ఉబ్బే. పన్నును సిమెంటుతో కాకుండా స్క్రూతో బిగించాలి, ఎందుకంటే పచ్చి గుంతలోకి జారిన సిమెంటు రవ్వ నెలల తర్వాత చీముగా తేలుతుంది. చివరగా కింది పళ్లతో కరిపించి చూస్తారు: రేకు కాగితం పళ్ల మధ్య పెట్టి లాగితే చిరగకుండా జారి రావాలి. దవడను ముందుకు, పక్కలకు జరిపినప్పుడు కూడా జారాలి.

దవడ పళ్ల దగ్గర లెక్క కాస్త మారుతుంది. రెండు మూడు వేళ్ల మధ్య ఉండే ఎముక మిట్టలో ఇంప్లాంట్ నిలపాలి, ఆ మిట్ట సన్నగా ఉంటే పట్టు దొరకదు. నమిలే బలం ఎక్కువ కాబట్టి అక్కడ అదే రోజు పన్ను పెట్టడం అరుదు. గుంత ఆకారంలోనే మలిచిన హీలింగ్ క్యాప్ పెట్టి చిగురు వెడల్పును కాపాడితే చాలు.

మొదటి రెండు నెలలు ఇంట్లో

మొదటి రోజు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో పీల్చకూడదు. గడ్డకట్టిన రక్తమే అప్పటికి ముద్ర అని పైన చెప్పుకున్నదే కారణం. బయట బుగ్గ మీద ఐసు పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీయాలి. రెండో రోజు నుంచి క్లోర్‌హెక్సిడిన్ ద్రావణాన్ని నోట్లో నిలిపి వంచేయాలి, గరగరా తిప్పకూడదు. రెండు వారాలు దాటి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, కాఫీ, టీ తాగేవాళ్లకు ఇంకా తొందరగా. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు. అప్పటిదాకా ఆ చోట బ్రష్ పెట్టకూడదు, మిగతా పళ్లు మాత్రం తప్పకుండా తోముకోవాలి.

మొదటి వారం అలిపిరి మెట్లెక్కడం మానాలి. 3,550 మెట్లు ఎక్కేటప్పుడు రక్తపోటు పెరిగి ఆగిన రక్తం మళ్లీ కారవచ్చు. మొక్కు ఉంటే పని ముందో, రెండు వారాల తర్వాతో పెట్టుకుంటే సరి. శనివారమో ఏకాదశో ఉపవాసం ఉండే షుగర్ రోగులు ఆ వారానికి డాక్టర్ మాట వినాలి. ఖాళీ కడుపున నొప్పి మాత్రలు, మందు మానేసిన షుగర్ రెండూ పుండుకు చేటే.

తిండి విషయంలో రాయలసీమకు ఒక సుఖం ఉంది: సంగటి. గోరువెచ్చగా, పప్పుతోనో మజ్జిగతోనో మింగేస్తే ముందు పళ్లకు పనే లేదు. ఊరిబిండి, ఎర్రకారం రెండు వారాలు దూరం పెట్టాలి. వేరుశనగ పలుకులు, మురుకులు, చెరకు, పీచు మామిడి ఎనిమిది వారాల దాకా ముందు పళ్లతో కొరకకూడదు. లడ్డూ ప్రసాదం మెత్తనిదే కదా అనుకుంటారు గానీ అందులో కలకండ ముక్కలు ఉంటాయి. నలిపి, వెనక పళ్లతో తినాలి. మూడో వారంలో ఒక్క గట్టి ముక్క చేసే నష్టం మొదటి రోజు చేసేదానికంటే ఎక్కువ.

బీడీ, సిగరెట్, ఖైనీ, పొగాకు వేసిన ఆకువక్క: పనికి కనీసం వారం ముందు, తర్వాత రెండు నెలలు పూర్తిగా మానాలి. నికోటిన్ నాళాలను కుదిస్తుంది, అసలే తక్కువ రక్తమందే చిగురుకు ఆ కాస్తా తగ్గుతుంది. మానలేనని చెప్పే రోగికి వెంటనే పెట్టే పద్ధతి వద్దని చెప్పడమే నిజాయితీ.

తేడా వచ్చినప్పుడు

ఏది మామూలో, ఏది కాదో రోగికి తెలిసి ఉండాలి. రెండు మూడు రోజుల వాపు, అంచు చుట్టూ తెల్లని పొర, ఒకటి రెండు ఎముక పొడి గింజలు నోట్లోకి రావడం మామూలే. నాలుగో రోజు తర్వాత పెరిగే నొప్పి, చెడు రుచితో కారే చీము, జ్వరం మామూలు కావు. తాత్కాలిక పన్ను కదిలితే అది స్క్రూ వదులైనదా, ఇంప్లాంటే కదులుతోందా అన్నది పన్ను విప్పి చూస్తే తప్ప తెలియదు. మొదటిది ఐదు నిమిషాల పని. రెండోదైతే ఇంప్లాంట్ తీసి, గుంత మాననిచ్చి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొదలుపెట్టాలి. నొప్పి లేకుండా కదలడం నొప్పి కంటే చెడ్డ గుర్తు.

చిగురు అంచు మొదటి ఏడాదిలో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా పైకి జరగడం చాలామందిలో చూడవచ్చు. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. అందుకే ఎముక 3 నెలలకు సిద్ధమైనా, ముందు పంటికి అసలు క్యాపు 6 నెలల దాకా చేయకపోవడం మంచిది. తొందరపడి చేసిన పింగాణీ క్యాపు పక్కన చిగురు తర్వాత జరిగితే, క్యాపు మార్చినా చిగురు కిందికి రాదు. ఇంప్లాంట్ సరైన చోట ఉంటే తాత్కాలిక పన్ను మెడను లోపలికి చెక్కి, కొన్ని వారాలు ఆగి చూడవచ్చు, ఆపైన కండ కుట్టవచ్చు. ఇంప్లాంటే పెదవి వైపుకు వాలి ఉంటే ఏ కుట్టూ నిలవదు.

రెండు పళ్ల మధ్య త్రికోణపు చిగురు సంగతి ఇంప్లాంట్ చేతిలో లేదు, పక్క పన్ను చేతిలో ఉంది. పళ్లు ఒకదానికొకటి తగిలే చోటు నుంచి పక్క పంటి ఎముక దాకా 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆ త్రికోణం నిండుతుంది. సహజమైన పళ్ల మీద టార్నో అనే దంతవైద్యుడి బృందం 1992లో ప్రచురించిన లెక్కలో 6 మిల్లీమీటర్లకు అది సగానికి కాస్త పైగా, 7కు నాలుగో వంతు చోట్లే నిండింది. పక్క పన్ను ఎముక ముందే పోయి ఉంటే, పని ఎంత బాగా చేసినా నల్ల సందు మిగులుతుంది. ఈ మాట చెప్పాల్సింది మొదటి రోజు. రెండు ఇంప్లాంట్లు పక్కపక్కన పెట్టిన చోట పరిస్థితి ఇంకా కష్టం.

అసలు క్యాపు బిగించిన రోజు ఒక ఎక్స్‌రే తీసి, చుట్టూ ప్రోబ్ లోతులు రాసిపెట్టాలి. తర్వాత ఎముక తగ్గిందా అని చూడడానికి అదే కొలబద్ద. ఆరు నెలలకోసారి శుభ్రం చేయించుకోవాలి, తాకితే రక్తం వస్తే వెంటనే చూపించుకోవాలి. చిగురు వాపు దశలోనే పట్టుకుంటే పూర్తిగా తగ్గుతుంది, ఎముకకు పాకితే పోయిన ఎముక తిరిగి రావడం కష్టం. ఇంప్లాంట్ కంపెనీ పేరు, వ్యాసం, పొడవు, బ్యాచ్ సంఖ్య రాసిన స్టిక్కరు రోగి చేతికి ఇవ్వాలి. ఇక్కడ పన్ను పెట్టించుకుని చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసేవాళ్లు ఎక్కువ. అయిదేళ్ల తర్వాత స్క్రూ వదులైనప్పుడు అక్కడి డాక్టర్‌కు ఏ తాళంచెవి పడుతుందో చెప్పేది ఆ చిన్న కాగితమే.